నిమ్మలంగ, నిమ్మలంగ, జల్ది జల్ది

బోధన్‌కు కూతవేటు దూరంలోని రత్నాపురం క్యాంపులో, కాలువ నీళ్ళు సైతం ఎవరి మడిలోకి ముందు పారాలో మర్యాద తెలిసి పారే ఒకానొక మంగళవారం ఉదయాన, వెంకటసుబ్బారావు గారు ఆ రోజు కార్యక్రమాన్ని మనసులో ఖరారు చేసుకున్నారు. ఇడ్లీలు తినడం, చెరుకు తోటకు నీళ్ళు మళ్ళించడం, పంటి డాక్టరు దగ్గరకు వెళుతున్నానని భార్యకు అబద్ధం చెప్పడం, నిజామాబాదు వెళ్ళి ఎడమ పాదం ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడం. మొదటి మూడూ ఆయనకు చిరకాలంగా అబ్బిన విద్యలే. నాలుగోది మాత్రం కొరుకుడు పడడం లేదు.

"మళ్ళీ పంటి డాక్టరేనా?" అంది హనుమాయమ్మ, చట్నీ గిన్నె జరుపుతూ. "ఇన్ని వారాలుగా వెళుతున్నారు, ఇంకా నోట్లో ఏమైనా మిగిలాయా అండీ?"

"మూలాల్లోకి వెళ్ళి చూస్తున్నారు," అన్నారు ఆయన గంభీరంగా, నాలుగో ఇడ్లీని నమలకుండానే మింగి.

ఈ అబద్ధం వెనుక ఒక వంశ ప్రతిష్ఠ ఉంది. సుబ్బారావు గారిది 'మొదటి' వంశం. గుడివాడ ప్రాంతం నుంచి నిజాంసాగర్ కాలువ కిందికి భూములు వెతుక్కుంటూ వచ్చి ఈ క్యాంపు వెలయించిన రైతుల తొలి బండిలో, ఎద్దుల తరువాత ముందుగా కనిపించిన మనిషి ఆయన తాతగారు. క్యాంపులో మొదటి ట్రాక్టరు తండ్రిగారిది. మొదటి వరికోత యంత్రం సుబ్బారావు గారిది. రెండే అంతస్తుల ఇంటికి లిఫ్టు పెట్టించిన ఘనత కూడా ఆయనదే. ఆ రికార్డును అధిగమించడానికి ఇంతవరకు ఎవరూ ప్రయత్నించలేదు. 'తెలియదు' అనే మాటను ఆ ఇంట మూడు తరాలుగా ఎవరూ ఉచ్చరించిన దాఖలా లేదు. నడకలోనూ అంతే. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా, భార్యకు పదడుగులు ముందుంటారు. ముప్పై ఐదేళ్ళ కాపురంలో హనుమాయమ్మకు భర్తగారి వీపు తెలిసినంతగా ముఖం తెలియదని క్యాంపులో ఒక హాస్యం వాడుకలో ఉంది.

ఇటువంటి మహావంశానికి కూతురు సాహిత్య నిశ్చితార్థం నాడు పరాభవం జరిగింది. వియ్యంకుడు గిరిబాబు, నిజామాబాదులో ఎరువుల దుకాణం గల మనిషి, భార్య సుధారాణి నడుం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్ళందరి ముందు సాల్సా అనే విదేశీ నృత్యం చేశాడు. అది చూసి సుబ్బారావు గారు నవ్వుకుని ఊరుకునేవారే. కానీ పక్కన కూర్చున్న హనుమాయమ్మ, చెంపకు చెయ్యి ఆనించుకుని, తనలో తాను అనుకుంటున్నట్టుగా ఒక్క మాట అంది.

"ఎంత ముచ్చటగా ఉన్నారో!"

ఆ మాట తమ గురించి ఆమె ఎన్నడూ అనలేదన్న సంగతి సుబ్బారావు గారికి ఆ క్షణాన, మూడు వందల మంది మధ్య, పకోడీ నోట్లో ఉండగా స్ఫురించింది. పైగా గిరిబాబు చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఏం బావగారూ, ఓ అడుగు వేస్తారా? పాపం, కాలువ కింద రైతులకి కాళ్ళు బురదలో తప్ప ఆడవనుకుంటాను," అన్నాడు.

"అమ్మాయి రిసెప్షన్లో చూద్దురుగాని," అన్నారు సుబ్బారావు గారు. మాట బయటికి వచ్చాక ఏం చూపించాలన్న సమస్య మిగిలింది. సాల్సా గిరిబాబు ఎంగిలి. కాబట్టి అంతకన్న గౌరవనీయమైనది, నల్ల సూటు వేసుకుని, నవ్వకుండా, తల ఎత్తుకుని చేసేది ఏదైనా ఉందా అని విచారించగా, టాంగో అనే నృత్యం ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

దాన్ని నేర్పే మహేందర్ అనే యువకుడు నిజామాబాదులో ఒక తునికాకు గోదాము పైఅంతస్తులో ఉంటాడు. పొద్దున బరువు తగ్గే వారికి గెంతులు, మధ్యాహ్నం పెళ్ళిళ్ళవారికి నృత్యాలు నేర్పుతాడు. భార్య సవిత అతనికి సహాధ్యాపకురాలు. కింది నుంచి బీడీ ఆకు వాసన, పై నుంచి విదేశీ సంగీతం కలిసే ఆ పవిత్ర స్థలంలో సుబ్బారావు గారి విద్యాభ్యాసం మొదలైంది.

"ముందుగాల నిలవడుడు నేర్చుకోవాలె సార్," అన్నాడు మహేందర్ మొదటి రోజు.

"నిలబడడం రాకుండానే ఇన్నేళ్ళు నిలబడ్డానా ఏమయ్యా?"

"గట్ల గాదు. మోకాళ్ళు జెర వంగాలె. పైకి లేవొద్దు, కిందికి కుంగొద్దు. గోడ మీద పిల్లి పోయినట్టు పోవాలె. ఎడమకాలు కుడికాలికి అడ్డం వచ్చినట్టు వేయాలె, మడమ ముందు ఆనాలె."

సుబ్బారావు గారు పాదం కదిపారు. నేల మీద బర్రున గీత పడింది.

"మీరు దున్నుతున్నరు సార్," అన్నాడు మహేందర్ నొచ్చుకుని. "టాంగోల దున్నుడు లేదు, నాటుడే. కాలు ఎత్తాలె, పెట్టాలె. నాటేసినట్టు."

ఈ ఉపమానంతో విద్య సగం ఎక్కింది. మిగతా సగం తాళం దగ్గర ఆగింది. స్లో, స్లో, క్విక్, క్విక్, స్లో అన్న తాళం ఆయన నాలుకకు పొసగక, నోరు ఒక చోట, కాలు ఒక చోట ఉండేవి. చివరికి మహేందర్ దాన్ని తన ఊరి భాషలోకి దించాడు: "నిమ్మలంగ, నిమ్మలంగ, జల్ది జల్ది, నిమ్మలంగ." అది మంత్రంలా పట్టుబడింది. వామనుడు మూడడుగులతో లోకాలను కొలిచాడు. సుబ్బారావు గారు అయిదడుగులతో గోదాము పైఅంతస్తును కొలవసాగారు. భాగస్వామిగా సవిత నిలబడేది. ఆయన ఆమె పాదాలను తొక్కేవారు. ఆమె చిరునవ్వుతో పాదం వెనక్కి తీసుకునేది.

"మేడమ్‌ను ఎప్పుడు తీస్కొస్తరు సార్?" అని అడిగాడు ఒకనాడు మహేందర్.

"ఆవిడకెందుకయ్యా? ఇది ఆవిడకు తెలియకుండా చూపించాలి. నేను నేర్చుకుంటే చాలు. ముప్పై ఐదేళ్ళుగా నేనెటు వెళితే అటు వస్తోంది."

"ఎనక నుంచి వస్తది. టాంగోల ముందట నిలవడి ఎనకకు నడవాలె. మీ మొకం చూస్కుంట."

"నా ముఖమా?" అన్నారు సుబ్బారావు గారు, అప్రయత్నంగా చెంప తడుముకుని.

"ఇద్దర్ల ఒకలు ఎనకకు నడవాలె సార్. ఇద్దరు ముందుకే నడుస్త అంటే టాంగో గాదు, గుద్దుకునుడు అయితది."

ఆ శాస్త్ర రహస్యాన్ని సుబ్బారావు గారు విన్నారు గానీ, వెనక్కి నడవవలసిన ఆ ఒకరు ఎవరన్న విషయంలో వారికి ఏ సందేహమూ లేదు.

ఇంటి దగ్గర సాధనకు ఆయన ఎన్నుకున్న రంగస్థలం వరిమడి గట్టు. పిల్లి నడకకు అంతకన్న ఇరుకైన దారి దొరకదు. మోకాళ్ళు వంచి, తల ఠీవిగా ఎడమకు తిప్పి, చేతులు ఎవరినో పొదివి పట్టుకున్నట్టు గాలిలో పెట్టి, 'నిమ్మలంగ, నిమ్మలంగ, జల్ది జల్ది' అని గొణుగుతూ వెళుతుండగా, మడిలో కలుపు తీస్తున్న అంజవ్వ నడుం ఎత్తి, "సారుకు వాతం పట్టింది గావచ్చు. ఆముదం రాస్తె పోతది," అని వైద్యం సూచించింది. సరిగ్గా అదే సమయానికి పక్క ఊరి బాలనర్సయ్య ఆ గట్టునే ఎదురు వచ్చాడు.

బాలనర్సయ్య చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న పెద్దమనిషి. మంచివాడు, మెత్తనివాడు. ఆయన తండ్రి ఒకప్పుడు బోధన్ స్టేషనుకూ ఫ్యాక్టరీకీ మధ్య గుర్రబ్బండి తోలేవాడు. ఆ బండి ఇప్పటికీ బాలనర్సయ్య కొట్టంలో ఉంది. అందులో కోళ్ళు గుడ్లు పెడతాయి. ఇక్కడ ఒక భాషా సూక్ష్మం మనవి చేయాలి. గుర్రబ్బండిని సుబ్బారావు గారి ఇంట తాతల నాటి నుంచి జట్కా అంటారు. బాలనర్సయ్య ఇంట దాన్ని టాంగా అంటారు. ఒక ఓత్వానికీ ఒక దీర్ఘానికీ మధ్య ఎంత అగాధం ఉండగలదో లాక్షణికులు కూడా ఊహించి ఉండరు.

"గిదేంది సారూ, గట్టు మీద గీ కత? నడుం పట్టిందా?"

రహస్యం అన్నాక కనీసం ఒకరికి చెప్పకపోతే అది రహస్యమని ఎవరికీ తెలియదు. సుబ్బారావు గారు అటూ ఇటూ చూశారు. "ఎవరికీ చెప్పకు బాలనర్సయ్యా. టాంగో నేర్చుకుంటున్నా."

"టాంగానా!" బాలనర్సయ్య కళ్ళు చెమర్చాయి. "మా బాపు తోలిండు సారూ, టేషను కాడికెంచి ఫ్యాక్టరీ దాంక. గీ కాలంల మీ అసొంటోళ్ళు దాన్ని నేర్సుకునుడంటే… కష్టముంటదా?"

ఆయన తండ్రి ఏదో తోలాడన్న మాట సుబ్బారావు గారి చెవిన పడలేదు. కష్టం గురించి అడిగితే మాత్రం ఆయన చెవి చురుకవుతుంది. "కష్టమా అంటే కష్టమే. మొత్తం నాలుగు కాళ్ళాయె. ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి."

"అవ్ మరి. నాలుగు కాళ్ళు తప్పయి."

"ఎటు మళ్ళాలో మనమే చెప్పాలి. కానీ చెప్పినట్టు పైకి కనపడకూడదు. చేత్తో చిన్న ఒత్తిడి, అంతే."

"గంతే, గంతే! మా బాపు గూడ గదే అంటుండె. గుంజొద్దు, ముట్టుకోవాలె అని. మరి దేనితోని నేర్సుకుంటున్నరు?"

"ప్రస్తుతానికి సవితతో."

"ఆడదా? మంచిది. గుణం ఎట్లుంటది?"

"మహా ఓర్పు. మొదటి రోజు నేను నాలుగైదుసార్లు కాలు తొక్కినా కిమ్మనలేదు."

"తన్నలేదా?"

"ఛ! ఎందుకు తంతుందయ్యా?"

"గట్లయితె మంచి జాతిదే. యాడుంటది?"

"నిజామాబాదులో, తునికాకు గోదాము పైఅంతస్తులో."

బాలనర్సయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. "మెట్లెక్కుతదా సారూ?"

"చకచకా ఎక్కుతుంది. నాకే ఆయాసం."

పట్నం పెంపకం అంటే అదే కాబోలు అని బాలనర్సయ్య సరిపెట్టుకున్నాడు. "పెండ్లినాటికి తయారయితరా?"

"అదే కదా నా పట్టుదల! అమ్మాయి రిసెప్షన్లో, వియ్యంకుడి కళ్ళ ముందు. మీ చెల్లెమ్మకు మాత్రం చెప్పకు."

"నా పానం పోయినా చెప్ప."

బాలనర్సయ్య మాట తప్పే మనిషి కాడు. హనుమాయమ్మకు టాంగా సంగతి చెప్పనని ప్రమాణం చేశాడు. సవిత సంగతి చెప్పనని చేయలేదు. మర్నాడు, సుబ్బారావు గారు తోటలో ఉన్న సమయం చూసి, వారి పెరట్లోకి వచ్చి హనుమాయమ్మను పలకరించాడు. ఆ సంభాషణ సుబ్బారావు గారికి చాలా ఆలస్యంగా తెలిసింది. మనం అంతకాలం ఆగనక్కరలేదు.

"చెల్లే, ఇంటెనక కొట్టం ఖాళీగున్నదా?"

"ఎందుకన్నయ్యా?"

"సారు సవితను తెస్తుండు గదా. యాడ కట్టేస్తరో అని."

హనుమాయమ్మ చేతిలోని చేట ఆగింది. "ఏ సవిత?"

"నిజామాబాద్‌ల ఉన్నది గదా. మంచి జాతిదంట. సారు వారానికి రెండుమాట్ల పోయేది దాని కాడికే. కాలు తొక్కినా తన్నదంట."

"అలాగా! ఏం తింటుందిట?"

"ఉలువలు. నానవెట్టి దినాం పెట్టాలె. లేకుంటె అడుగు తియ్యది."

"ఎక్కడుంటుందన్నారు?"

"తునికాకు గోదాము మీద. మెట్లు చకచక ఎక్కుతదంట."

ఉలవలు తిని, మెట్లెక్కి, కాలు తొక్కితే తన్నకుండా ఊరుకునే జీవి బ్రహ్మ సృష్టిలో ఏదై ఉంటుందా అని హనుమాయమ్మ కాసేపు ఆలోచించింది. తరువాత చేట మళ్ళీ కదిలింది.

"కట్టేసే సంగతి నేను చూసుకుంటాలే అన్నయ్యా," అంది నెమ్మదిగా.

ఆ మర్నాటి నుంచి సుబ్బారావు గారి గృహంలో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, రోజూ భోజనంలో ఉలవచారు. అడిగితే, "పళ్ళ మూలాలకు మంచిదిట," అంది. రెండోది, పెళ్ళి చీరల నెపంతో హనుమాయమ్మ నిజామాబాదు ప్రయాణాలు. సోమవారం వెళ్ళేది, గురువారం వెళ్ళేది, వట్టి చేతులతో వచ్చేది. "ఏదీ నచ్చలేదు," అనేది. ఒక్క పెళ్ళికి ఇన్ని బేరాలా అని గదమాయించాలని ఆయనకు నాలుక చివరిదాకా వచ్చేది. కానీ వారానికి రెండుసార్లు పన్ను పీకించుకునే మనిషికి పరుల ప్రయాణాలను ప్రశ్నించే నైతికాధికారం ఎక్కడిది?

ఈలోగా వార్త తన దిగ్విజయ యాత్ర సాగించింది. బోధన్‌లో అది "సారు టాంగా నేర్సుకుంటుండు" అని మొదలైంది. జక్రాన్‌పల్లి చేరేసరికి "రేసు గుర్రాలు కొంటుండు" అయింది. ముప్కాల్ దాకా వెళ్ళినప్పుడు, రత్నాపురం క్యాంపులో ఎవరో మహారాజు దిగాడనీ, రోజూ గట్టు మీద లేని గుర్రం ఎక్కి స్వారీ చేస్తున్నాడనీ స్థిరపడింది. అది తిరిగి నిజామాబాదు వచ్చి ఎరువుల దుకాణంలోని గిరిబాబు చెవిన పడింది. ఆయన వెంటనే ఫోను చేశాడు.

"ఏంటి బావగారూ, ఏదో గట్టిగానే నేర్చుకుంటున్నారట?"

"నేర్చుకోవడం అయిపోయింది. చూడడం మీ వంతు," అన్నారు సుబ్బారావు గారు.

బాలనర్సయ్య ఊరికే కూర్చోలేదు. మేడమీద సవితను కిందికి దించే శ్రమ సారుకు ఎందుకని, కొట్టంలోని కోళ్ళను ఖాళీ చేయించి, బాపు టాంగాకు చక్రాలు సరిచేయించి, ఎర్రరంగు వేయించి, ఇత్తడి గంట తోమించాడు. సరిహద్దు దాటి బిలోలి వెళ్ళి ఒక తెల్ల గుర్రాన్ని అరువు తెచ్చాడు. దాని పేరు రాణి. దాని యజమాని దానితో ఎట్లా మాట్లాడాలో మరాఠీలో విపులంగా చెప్పాడు. బాలనర్సయ్యకు మరాఠీలో వచ్చినవి సంతలో ఉల్లిగడ్డల బేరానికి పనికివచ్చే మాటలే కనుక, తల ఊపి వచ్చేశాడు.

మాఘమాసపు శుభముహూర్తాన సాహిత్యకూ గిరిబాబు గారి కొడుకు బుజ్జిబాబుకూ పెళ్ళయింది. ఆ సాయంత్రం రిసెప్షను బోధన్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో. సుబ్బారావు గారు నల్ల సూటులో, అద్దంలా మెరిసే బూట్లలో, పాట ఎప్పుడు వేయాలో పాటలవాడికి మూడోసారి చెబుతుండగా, బయట బ్యాండు మోగింది. బాలనర్సయ్య పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, జల్ది రాండ్రి. తయారున్నది."

"ఏమిటి తయారు?"

గుమ్మంలోకి వచ్చి చూస్తే, బంతిపూల దండలతో ఎర్రటి గుర్రబ్బండి. దానికి పూన్చిన తెల్ల గుర్రం. పైన ఒక ఫ్లెక్సీ: 'టాంగా సారుకు స్వాగతం'. చుట్టూ క్యాంపు జనం, పక్క ఊళ్ళ జనం, పెళ్ళికొడుకు తరఫు జనం.

"మీ టాంగా సారూ!" అన్నాడు బాలనర్సయ్య. "మా బాపుది. మీరు తోలుతుంటే సూడాలని పానం కొట్టుకుంటుంది."

ఓత్వమూ దీర్ఘమూ సుబ్బారావు గారి మస్తిష్కంలో అప్పుడు ఢీకొన్నాయి. నాలుగు కాళ్ళు, చేతి ఒత్తిడి, తన్నలేదా అన్న ప్రశ్న, మెట్లెక్కడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చాయి. తెలియదని ఒక్క మాట అంటే చాలు. కానీ ఎదురుగా గిరిబాబు ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. పక్కనే బాలనర్సయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. శత్రువు ముందు 'తెలియదు' అనడం కష్టం. అభిమాని ముందు అనడం అంతకన్న కష్టం.

"తోలడం వచ్చు కదా బావగారూ?" అన్నాడు గిరిబాబు.

"మా వంశంలో రానిదేముంది?" అని సుబ్బారావు గారు బండెక్కారు. ఆయన వెనకే, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని హనుమాయమ్మ ఎక్కి పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నారు ఆయన పళ్ళ మధ్య నుంచి. ఆ పళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి.

"ఇన్నేళ్ళు వెనకాల నడిచాను. ఒక్కసారి పక్కన కూర్చోనివ్వండి."

సుబ్బారావు గారు పగ్గాలు ఆడించారు. గుర్రం కదలలేదు. ఇంకొంచెం ఆడించారు. గుర్రం తల తిప్పి ఆయనను ఆపాదమస్తకం పరిశీలించి మళ్ళీ ముందుకు చూసింది. బ్యాండు ఆగింది. అటువంటి ఘడియలో మనిషికి కంఠస్థమైనదే నోటికి వస్తుంది.

"నిమ్మలంగ," అన్నారు ఆయన. "నిమ్మలంగ…"

తెలుగు రాని గుర్రం చెవి కూడా కదపలేదు.

"జల్ది జల్ది!"

ఈ ఒక్క మాటకు సరిహద్దులు లేవు. బిలోలిలోనూ అది జల్దియే. రాణి చెవులు నిక్కించింది, ముందుకాళ్ళు ఎత్తింది, బ్యాండు మేళాన్ని రెండు పాయలుగా చీల్చింది, ఫ్లెక్సీని మెడలో కండువాలా ధరించింది, పడమటి దిక్కుగా, అంటే తన పుట్టింటి దిక్కుగా, వాయువేగంతో బయలుదేరింది.

"ఆపండీ!" అంది హనుమాయమ్మ, రెండు చేతులతో బండి కమ్మి పట్టుకుని.

"నిమ్మలంగ!" అని అరిచారు సుబ్బారావు గారు. "నిమ్మలంగ!" అభ్యాసం కూసువిద్య. ఆ రెండు నిమ్మలంగల తరువాత నాలుక దానంతట అది, ఆయన ప్రమేయం లేకుండా, "జల్ది జల్ది!" అనేసింది. గుర్రం పరుగు రెట్టించింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. తాళం తప్పకుండా, అడుగడుగునా వేగం పెరుగుతూ, ఆ దంపతులు రెండు ఊళ్ళు దాటారు.

ఎవరూ ఆపలేనిదాన్ని చెరుకు ఆపింది. రోడ్డు పక్కన ఒక చెరుకు ట్రాలీ నిలబెట్టి ఉంది. డ్రైవరు చాయకు పోయినట్టున్నాడు. రాణి ముక్కుపుటాలు ఎగరేసి, ఒక్కసారిగా నిలిచి, ట్రాలీలోకి మూతి చాపి, ఒక గడను లాగి, ప్రశాంతంగా నమలసాగింది. సుబ్బారావు గారు కిందికి దిగి, భార్యకు చెయ్యి అందించారు. అదీ ఆయన మొదటిసారి చేసిన పనుల్లో ఒకటి. పొద్దు కుంకుతోంది. రోడ్డు మీద నరసంచారం లేదు. హాలు వైపు దూరంగా మోటారు సైకిళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"హనుమాయమ్మా," అన్నారు. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఆపైన మూడు తరాల మౌనాన్ని చీల్చుకుని ఆ మాట వచ్చింది. "నాకు బండి తోలడం తెలియదు."

"తెలుసు," అంది ఆమె.

"పంటి డాక్టరు కూడా అబద్ధం. నేను నేర్చుకున్నది టాంగో. నీతో స్టేజీ మీద వేద్దామని. ఆ రోజు వాళ్ళను చూసి నువ్వు ముచ్చటగా ఉన్నారన్నావు. నన్నూ ఆ మాట అంటావేమో అని."

హనుమాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో మరేదో, ఆయన నిర్ధారించుకోలేకపోయారు. "అదీ తెలుసు. ఉలవలు తిని మెట్లెక్కే గుర్రం ఎక్కడైనా ఉంటుందా అండీ? వెళ్ళి చూశాను. సవిత బంగారం లాంటి పిల్ల. నేను తొక్కినా తన్నలేదు."

"నువ్వు తొక్కడమేంటి? మరి చీరలు?"

"ఒక్కటీ కొనలేదు."

"అంతా తెలిసి ఆ బాలనర్సయ్యకు ఒక్క మాట చెప్పలేదేం?"

"వాళ్ళ నాన్నగారి బండికి రంగు వేస్తూ అంత మురిసిపోతుంటే నోరెలా వస్తుంది? పైగా చిన్నప్పుడు గుడివాడలో జట్కా ఎక్కాను. మళ్ళీ ఒక్కసారి ఎక్కాలనిపించింది." ఆమె ఫోను తీసి, మహేందర్ ఇచ్చిన పాట పెట్టి, బండి మీద ఆనించింది. "ఊఁ, రండి. నేర్చుకున్నది పోనివ్వడమెందుకు?"

ఇద్దరూ శాస్త్రోక్తంగా నిలబడ్డారు. మోకాళ్ళు వంచారు. చేతులు పట్టుకున్నారు. నిమ్మలంగ అనుకుని అడుగు వేశారు. మోకాలికి మోకాలు, నుదుటికి నుదురు ఠంగున తగిలాయి.

"నువ్వు ముందుకు వస్తావేంటి? వెనక్కి నడవాలి!"

"నాకు వెనక్కి రాదు."

"రాకపోవడమేంటి?"

"మాది ఆడవాళ్ళ బ్యాచి. అందరిలోకీ నేనే పొడుగు. మగవాడి అడుగులే నేర్పారు."

ఇద్దరు ముందుకే నడుస్త అంటే ఏమవుతుందో మహేందర్ ముందే సెలవిచ్చి ఉన్నాడు. మోటారు సైకిళ్ళు దగ్గరవుతున్నాయి. సుబ్బారావు గారు తన వంశాన్ని స్మరించారు. తాతగారు గుడివాడ నుంచి బయలుదేరి వెనుదిరిగి చూడలేదు. తండ్రిగారు ట్రాక్టరుకు వెనక గేరు వేసినట్టు ఎవరికీ గుర్తులేదు. అయితే వీరిలో ఎవరూ చేయని పని ఒకటి ఇంకా మిగిలే ఉందన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. దానితో ఛాతీ దానంతట అదే విచ్చుకుంది.

"సరే. నువ్వు నడిపించు," అన్నారు.

ఆయన కుడికాలు వెనక్కి వెళ్ళింది. దున్నలేదు, నాటారు. నిమ్మలంగ, నిమ్మలంగ. ఆమె చేతి ఒత్తిడి ఎటు చెబితే అటు మళ్ళారు. చెప్పినట్టు పైకి కనపడలేదు. వెనక ఏముందో తెలియదు. ఎదురుగా మాత్రం హనుమాయమ్మ ముఖం, ఆమె భుజాల వెనక ఎర్రబడిన పడమటి ఆకాశం. ఇంతసేపు ఆ ముఖాన్ని చూడడం పెళ్ళిపీటల మీద కూడా జరగలేదు. ఎడమ కనుబొమ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ముప్పై ఐదేళ్ళుగా అది అక్కడే ఉండి ఉంటుందని ఆయన ఊహించారు. జల్ది జల్ది.

"ఎంత ముచ్చటగా ఉన్నారో!" అంది హనుమాయమ్మ.

మోటారు సైకిళ్ళు వచ్చి ఆగాయి. గిరిబాబు ఫోను ఎత్తబోయి, ఎందుకో దించేశాడు. బాలనర్సయ్య ముందు తన బండిని చూశాడు. చక్రాలు పదిలంగా ఉన్నాయి. తరువాత రోడ్డును చూశాడు. గుర్రమూ బండీ ట్రాలీ దగ్గరే నిలిచి ఉండగా నాలుగు కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడకుండా హాలు వైపు సాగిపోతున్నాయి.

"సూడుండ్రి, సూడుండ్రి!" అని అరిచాడు. "గుర్రం లేకున్నా సారు టాంగా నడుపుతుండు! మా బాపుకు గూడ గీ విద్య రాకపాయె!"

"చూశారా బావగారూ," అన్నారు సుబ్బారావు గారు, వెనక్కి నడుస్తూనే, తల ఠీవిగా ఎడమకు తిప్పి. "మా క్యాంపులో వెనక్కి నడిచిన మొదటి మగాణ్ణి నేనే."

జనం చప్పట్లు కొట్టారు. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. గుర్రం మాత్రం ఒకసారి తలెత్తి, హనుమాయమ్మ వైపు గౌరవంగా చూసి, ఇంకో చెరుకు గడ లాక్కుంది.